మౌతార్గాన్ ఖాసిం గారి కట్టుడు పళ్లు

2022 ఎండాకాలం. అబుదాబి శివారు ముసఫ్ఫాలో, కార్ల గ్యారేజీల వెనక వీధిలో ఉన్న ఒక డెంటల్ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మా ఊళ్లో నా ఉద్యోగం గురించి చెబితే నేను పళ్ల డాక్టర్ని అనుకుంటారు. కాదు. డాక్టర్లు రోగి నోట్లో అచ్చు తీసి మాకు పంపిస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా తయారు చేస్తాం. దాన్ని కాస్ట్ అంటాం. ఆ కాస్ట్ మీద మైనంతో పళ్లు పేర్చి, సరిచూసుకుని, చివరికి గులాబీరంగు అక్రిలిక్ ప్లాస్టిక్‌లో డెంచర్ పోస్తాం. డెంచర్ అంటే మనవాళ్లు చెప్పుకునే పళ్లసెట్టే.

ఈ పనిలో ఒక విచిత్రం ఉంది. వేల దవడలు నా చేతుల మీదుగా వెళ్లాయి గానీ, వాటి తాలూకు మనుషులు ఎవరో నాకు తెలియదు. డబ్బా మీద పేరు ఉంటుంది, పంటి రంగు ఉంటుంది. అంతే. వాళ్లు నవ్వారో, తిన్నారో, నేను కట్టిన పళ్లను తిట్టుకున్నారో నా దాకా రాదు.

ఖాసిం గారి డబ్బా మాత్రం రెండోసారి కూడా వెనక్కి వచ్చింది.

పంపింది దగ్గర్లోని బనియాస్‌లో చిన్న క్లినిక్ నడిపే డాక్టర్ లీనా. మలయాళీ. నెమ్మదస్తురాలు, ఊరికే పేచీ పెట్టే మనిషి కాదు. ఆమె రాసిన చీటీలో, సెట్టు బాగా కుదిరింది, నమలడం బాగుంది, మాట స్పష్టంగా ఉంది, అయినా పేషెంట్ వద్దంటున్నారు, ఆడేటప్పుడు పై సెట్టు ఊడి పడుతోందట అని ఇంగ్లీషులో ఉంది. ఆమె రాసిన ప్లేయింగ్ అన్న మాటకు మేం ఆట అనే అర్థం తీసుకున్నాం. అరవై దాటిన మనిషి పళ్లు ఊడిపోయేంతగా ఏం ఆడతాడని ల్యాబ్‌లో కాసేపు నవ్వుకున్నాం కూడా. మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు ఆయన. పళ్లు అంటించుకునే పౌడరు రాసి పంపించమను, ఖలాస్ అన్నాడు. నాకెందుకో మనసు ఒప్పక డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆట కాదు, ఆయన మౌతార్గాన్ వాయిస్తారని చెప్పింది. హోటళ్లలో చాలా ఏళ్లు వాయించిన మనిషట. ఒకసారి నీ దగ్గరికి పంపిస్తాను, నీ కళ్లతో చూడు అంది.

మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. ఎండలో బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నారు, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. సన్నగా, పొడుగ్గా, జుట్టంతా తెలుపు. ముఖానికి మాస్కు, భుజానికి ఒక గుడ్డ సంచీ. నా కోటు మీద రత్నకుమారి అన్న పేరు చదివి, "ఆంధ్రానా అమ్మా?" అని అడిగారు.

కాకినాడ అవతల అన్నాను. తమది చీరాల అవతల అన్నారు. ఇద్దరం అసలు ఊరి పేరు చెప్పనందుకు నవ్వొచ్చింది. ఆయన మాస్కు వెనక నవ్వారు. తర్వాత మాస్కు తీసినా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడారు. పళ్లు లేని నోరు చూపించడం ఆయనకు నామోషీ.

సంచీలో మౌతార్గాన్లు చిన్న చిన్న డబ్బాల్లో వరసగా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో శ్రుతికట. ఒకటి తీసి, సెట్టు పెట్టుకుని, నాకు వాయించి చూపించారు. మొదట బాగానే ఉంది. రైలు కదిలినట్టు ఒక ఊపు అందుకున్నారు. ఇంతలో లోపల టక్కుమని చప్పుడైంది. పై సెట్టు జారి మౌతార్గాన్ మీద పడింది. ఆయన చప్పున రుమాలు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగారు. నేను నీళ్లు తెచ్చే నెపంతో లోపలికి వెళ్లి, కాస్త ఆగి వచ్చాను.

ఎందుకు పడుతోందో నాకు చూడగానే అర్థమైంది. పై డెంచర్‌ను పట్టి ఉంచేది సక్షన్. అంగిలికీ సెట్టుకీ మధ్య పల్చటి ఉమ్మి పొర ఉంటుంది, గాలి దూరకుండా అదే అంటిపెట్టుకుని ఉంచుతుంది. మౌతార్గాన్‌లో ఊదితే ఒక స్వరం వస్తుంది, పీలిస్తే ఇంకో స్వరం వస్తుంది. పీలుస్తూ నాలుకను వెనక్కి లాగి నోటి లోపలి చోటును మార్చితే ఆ స్వరం కిందికి వంగుతుంది. దాన్ని బెండ్ అంటారు. ఆయన వాయించే బ్లూస్ సంగీతానికి ఆ వంపే ప్రాణం. అమెరికాలో నల్లజాతి వాళ్లు తమ కష్టాలు చెప్పుకుంటూ పాడిన పాటల నుంచి వచ్చిందది. స్వరం తిన్నగా నిలబడితే అది బ్లూస్ కాదని ఆయన చెప్పారు. కానీ అలా గట్టిగా పీల్చినప్పుడు నోట్లో గాలి తగ్గిన ఆ వెలితి సెట్టును కిందికి గుంజేస్తుంది. నమలడానికి కట్టిన సెట్టు అది. పీల్చడానికి కట్టింది కాదు.

ఎముకలో స్క్రూలు బిగించే ఇంప్లాంట్లు వేస్తే తీరిపోయే సమస్యే. కానీ ఆయన దవడ ఎముక బాగా అరిగిపోయింది, పైగా షుగరు. డాక్టర్ వద్దనేసింది.

ఆ రోజు టీ తాగుతూ తన సంగతి చెప్పారు. వాళ్లు దూదేకుల వాళ్లు. తాతల నాటి నుంచి సన్నాయి వాయించే కుటుంబం. గుడిలో సేవకైనా పెళ్లికైనా వాళ్ల మేళమే వెళ్లేది. నాయన దగ్గర అన్న మస్తాన్, తను కూర్చుని నేర్చుకున్నారు. అన్నకు తేలిగ్గా పట్టుబడింది. తనకు ఊపిరి చాలేది కాదు. పదహారో ఏట ఒక పెళ్లిలో, అందరి ముందు, ఆలాపన మధ్యలో నాయన తన చేతిలోంచి సన్నాయి లాక్కుని అన్నకిచ్చాడు. తను మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. హైదరాబాద్ వెళ్లి హోటల్లో చేరారు, అక్కణ్నుంచి దుబాయ్. వెయిటరుగా పనిచేసిన హోటల్లో రోజూ సాయంత్రం బ్లూస్ బ్యాండు వాయించేది. తొలిసారి విన్నప్పుడు చేతిలో ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయారట.

"గాంధారం వంగిందమ్మా అందులో. మా నాయన వంచినట్టే వంగింది. సన్నాయికి దూరంగా పోదామని దుబాయ్ దాకా వచ్చా. వచ్చి చూస్తే మా ఇంటి వెనక సందులోనే ఉన్నా."

ఆ బ్యాండులో గిటారు వాయించే పెద్దాయన దగ్గర మౌతార్గాన్ నేర్చుకున్నారు. కొన్నాళ్లకు ట్రే పక్కన పెట్టి బ్యాండులో చేరారు. ముప్పై ఏళ్లు అదే బతుకు. కరోనాతో హోటళ్లలో పాట ఆగిపోయింది. అంతకు ముందే కదులుతున్న పళ్లు ఆ ఏడాదే ఒక్కొక్కటిగా తీయించుకోవాల్సి వచ్చింది. కూతురు షమీమ్ బనియాస్‌లో ఒక స్కూల్లో పనిచేస్తుంది, ఆమె దగ్గర ఉంటున్నారు.

నేను సాయంత్రం డాక్టర్‌తో మాట్లాడాను. న్యూట్రల్ జోన్ పద్ధతిలో చేద్దామని ఇద్దరం అనుకున్నాం. నోట్లో నాలుక బయటికి తోస్తుంది, బుగ్గలూ పెదాలూ లోపలికి తోస్తాయి. ఆ రెండు తోపుళ్లూ సమానమయ్యే చోటును న్యూట్రల్ జోన్ అంటారు. పళ్లు అక్కడ ఉంటే కండరాలే వాటిని పట్టి ఉంచుతాయి. ఆ చోటు ఎక్కడుందో కనుక్కోవడానికి నోట్లో మెత్తటి మైనం లాంటి పదార్థం పెట్టి, రోగి చేత మాట్లాడించి, మింగించి, కండరాల చేతనే దానికి ఆకారం ఇప్పిస్తాం. ఈయన చేత మాట్లాడించడం ఎందుకు, వాయింపిద్దాం అంది డాక్టర్ లీనా. టెక్నీషియన్ని క్లినిక్‌కి పిలవడం మా దగ్గర మామూలుగా జరగదు. ఆమె పిలిచింది.

శనివారం పొద్దున వేరే పేషెంట్లు లేని వేళ చూసుకుని రమ్మంది. బయట బెంచీ మీద షమీమ్ కూర్చుని ఉంది. డాక్టర్ సామాను సిద్ధం చేసుకునే లోపు నాతో మాట కలిపింది. ఊళ్లో పెదనాన్నకు కిందటేడు పక్షవాతం వచ్చిందట. ఎడమ చెయ్యి లేవదు, మూతి ఒక పక్కకు పోయింది, ఇక సన్నాయి పట్టలేడు. అన్నదమ్ములు ఫోన్‌లో ఆరోగ్యం సంగతీ వానల సంగతీ తప్ప ఏనాడూ సంగీతం మాటెత్తలేదు. ఇప్పుడు పెదనాన్న మొదటిసారి, నువ్వు అక్కడేదో వాయిస్తావంట గదా, వచ్చి వినిపించి పో అన్నాడట.

"నాన్నకి వెళ్లాలనే ఉందక్కా. ఇట్టా ఉత్త నోటితో అన్న ముందుకు పోనంటాడు. మొన్న ఆ డబ్బాలన్నీ ఎవరికన్నా ఇచ్చెయ్యమని నా చేతిలో పెట్టాడు. నేను దాచేశా" అంది.

లోపల డాక్టర్ మెత్తటి పదార్థాన్ని వేడినీళ్లలో కాచి, పల్చటి పలక మీద పేర్చి, ఆయన నోట్లో పెట్టి వాయించమంది. ఆయన అలవాటైన బ్లూసే అందుకున్నారు. పదార్థమంతా పెదాల వైపు తోసుకొచ్చేసి, పలక లేచిపోయింది. తీసి, మళ్లీ కాచి, మళ్లీ పెట్టాం. మళ్లీ అదే జరిగింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టర్ చూడనట్టు ఊరుకుని, కుర్చీ దగ్గరికి జరిగి, వేగం వద్దు అంకుల్, మెల్లగా వెళ్లేది ఏదైనా వాయించండి అని తనకొచ్చిన హిందీలో చెప్పింది.

ఆయన మౌతార్గాన్‌ను రుమాలుతో తుడుచుకున్నారు. తర్వాత దాని కింది స్వరాల మీద పెదాలు ఆనించి, చాలా నెమ్మదిగా పీల్చారు. ఒక స్వరం వచ్చింది. అది కదలకుండా కాసేపు ఉండి, మెల్లగా వంగి, కింది స్వరాన్ని తాకి, మళ్లీ పైకి వచ్చింది. బ్లూస్ వంపే అది, కానీ నడక వేరు. పొద్దున్నే గుడి వైపు నుంచి వినిపించేదానిలా ఉంది. నాకు సంగీతం తెలియదు, మాది చర్చి పాటలు పాడుకునే ఇల్లు. అయినా అది సన్నాయి అని తెలిసింది. డాక్టర్ లీనా ఇది మా ఊరి గుడి నాదస్వరం అని గొణిగింది. పదార్థం గట్టిపడే సమయం చూడాల్సిన మనిషి గడియారం సంగతే మరిచిపోయింది.

తలుపు తీసుకుని షమీమ్ లోపలికి వచ్చింది. "ఇదేంది నాన్నా? ఇది నేనెప్పుడూ విన్లేదే" అని అడిగింది. ఆయన నోటి నిండా మా పదార్థం ఉంది, జవాబు చెప్పలేరు. వాయించడం ఆపకుండా, రెండో చేత్తో ఆమెను దగ్గరికి రమ్మని సైగ చేశారు. ఆమె వచ్చి కుర్చీ పక్కన నిలబడితే మోచెయ్యి పట్టుకున్నారు. వాయించడం అయ్యేదాకా వదల్లేదు.

ఆ రాగం శుద్ధధన్యాసి అని తర్వాత చెప్పారు. ఆనాటి పెళ్లిలో సగంలో ఆగిపోయింది అదేనట.

ఆ అచ్చు ల్యాబ్‌కి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నప్పుడు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నేను చూసిన అచ్చులన్నిటిలోనూ నాలుక జాడ దాదాపు ఒకేలా ఉంటుంది. ఇందులో రెండు పక్కలా లోతుగా, పడవ అడుగులా పల్లం పడింది. అంత చోటు కావాలి ఆయన నాలుకకు. పుస్తకం ప్రకారం పళ్లు పేరిస్తే ఆ చోటును మూసేస్తాయి. అందుకని పళ్లను ఒక వెంట్రుకవాసి బయటికి జరిపాను. అంగిలి మీద మందంగా ఉండే అక్రిలిక్ బదులు పల్చటి లోహపు రేకు పోశాం. పలక వెనక అంచును డాక్టర్ గీసిన గీత వెంబడే మళ్లీ మళ్లీ సరిచేశాను. ముదీర్ వచ్చి చూసి, మిగతా కేసులు ఆగిపోతున్నాయి, యల్లా, త్వరగా కానివ్వు అన్నాడు. ఆ తర్వాత ఆయనే మధ్యాహ్నం అన్నం మానుకుని రేకు పాలిషింగ్ తన చేత్తో చేసిచ్చాడు. ఎవరి కోసం చేస్తున్నామో ఈసారి ల్యాబ్ అందరికీ తెలుసు.

సెట్టు పెట్టే రోజు కూడా డాక్టర్ నన్ను పిలిచింది. ఖాసిం గారు అద్దంలో ముందు నవ్వు చూసుకున్నారు, తర్వాత మౌతార్గాన్ తీశారు. శుద్ధధన్యాసి వాయించారు. సెట్టు కదల్లేదు. డాక్టర్ ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఆయన పాత బ్లూస్ అందుకున్నారు. కింది స్వరాల వరకు ఫర్వాలేదు. పైకి వెళ్లి గట్టిగా గుంజేసరికి మళ్లీ టక్కుమంది. డాక్టర్ ఇంకోసారి ప్రయత్నిద్దామంది. మొదటి నుంచి మళ్లీ అచ్చు తీద్దామని నేనూ అన్నాను.

ఆయన సెట్టు సరిచేసుకుని తల అడ్డంగా ఊపారు. "చాలమ్మా. దూకే పాట ముప్పై ఏళ్లు వాయించా. ఇప్పుడు నడిచే పాట వచ్చింది, దాంతో నడుస్తా" అన్నారు. అప్పుడు ఆయన నోటికి రుమాలు అడ్డం లేదు.

ఎండలు తగ్గాక ఊరికి వెళ్లారు. తిరిగొచ్చాక వేటపాలెం జీడిపప్పు పొట్లంతో ల్యాబ్‌కి వచ్చారు. అప్పటికి ఆయన నాకు బాబాయ్ అయిపోయారు. ఏమైంది బాబాయ్ అని అడిగితే, స్టూలు లాక్కుని కూర్చుని అంతా చెప్పారు.

అన్న మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఈయన వాయిస్తుంటే కళ్లు మూసుకుని, బాగున్న కుడి చేత్తో మంచం పట్టె మీద తాళం వేశాడు. అయిపోయింది. అన్న ఏమీ అనలేదు. నచ్చలేదేమో, నాయన లాగే వద్దంటాడేమో అని ఈయన మౌతార్గాన్ డబ్బాలో పెట్టబోయారు. అప్పుడు అన్న వంకర పోయిన మూతితో కూడదీసుకుని మాట్లాడాడు.

"ఒరే ఖాసిం, గాంధారాన్ని అట్టా గుంజి వదిలేస్తే ఎట్టరా? ఊపాల. మళ్లీ పట్టు."

ఇది చెబుతూ బాబాయ్ జీడిపప్పు పొట్లాన్ని నా వైపు జరిపారు. "అంత వయసొచ్చినాక తప్పు దిద్దే మనిషి దొరికాడమ్మా నాకు. నేను ఏడ్చా, వాడు తిట్టాడు" అన్నారు.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ రోజూ పాఠమే. ఒకరోజు ఆ పెళ్లి సంగతి తనే ఎత్తారట. నాయన అందరి ముందు పరువు తీశాడని యాభై ఏళ్లుగా కడుపులో పెట్టుకున్నది అన్నతో చెప్పేశారు. అన్న ఆశ్చర్యపోయాడు. ఆ రోజు నీకు జొరం కదరా, పెదాలు నల్లబడ్డాయి, పడిపోతావని నాయన భయపడి లాక్కున్నాడు, ఆ రాత్రంతా నీ పక్కనే కూర్చున్నాడు అన్నాడు. ఈయనకు జ్వరం సంగతి గుర్తే లేదు. నిజమేనా అని గట్టిగా అడిగితే, ఏమోరా, నాకట్టా అనిపించింది అన్నాడట అన్న.

"ఏది నిజమో అల్లాకే తెలియాల. నేను మాత్రం అన్న చెప్పిందే ఉంచుకుంటన్నా" అన్నారు బాబాయ్.

తర్వాత ఒక శుక్రవారం షమీమ్ భోజనానికి పిలిస్తే బనియాస్‌లో వాళ్ల ఇంటికి వెళ్లాను. నమాజు నుంచి వచ్చి, భోజనాలయ్యాక, బాబాయ్ ఫోన్‌ను నీళ్ల బాటిలుకు ఆనించి నిలబెట్టారు. తెర మీద మస్తాన్ గారు కనిపించారు. అచ్చం తమ్ముడి పోలికే, మూతి మాత్రం ఒక పక్కకు ఉంది. మామూలు మాటలు ముద్దగా వస్తున్నాయి, మేం సగం అర్థం చేసుకుని తల ఊపుతున్నాం. స్వరాలు అనేసరికి ఒక్కొక్కటీ విడివిడిగా, స్పష్టంగా పలికాయి. ఆయన అన్నది బాబాయ్ మౌతార్గాన్‌లో తిరిగి అన్నారు. మస్తాన్ గారు నాలుగుసార్లు తప్పని, ఐదోసారి ఊఁ అన్నారు. ఆ ఊఁ వినగానే బాబాయ్ నావైపు తిరిగి, మార్కులొచ్చిన పిల్లాడిలా చూశారు. షమీమ్ గిన్నెలు కడగడం ఆపి వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది.

బ్లూస్ పూర్తిగా మానేశారా అని అడిగాను. మానలేదన్నారు. పొద్దున సాధన ముందు కాసేపు ఇప్పటికీ మెల్లగా వాయించుకుంటారట, అది తనకు అన్నం పెట్టిన పాట కదా అన్నారు.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒకటే మారింది. కొత్త పళ్లసెట్టు కేసు వస్తే, పంటి రంగుతో పాటు డాక్టర్లను ఒక ప్రశ్న కూడా అడుగుతాను. ఈ మనిషికి తన నోటితో ఉన్న పనేమిటి అని. అందరికీ పళ్లు తినడానికీ మాట్లాడడానికీ మాత్రమే అనుకుని సెట్లు కట్టాం ఇన్నాళ్లూ. అడిగాక తెలిసింది, మసీదులో అజాన్ ఇచ్చే ఆయనకు గొంతు ఎత్తినప్పుడు పలక కదలకూడదు, సైట్‌లో ఫోర్‌మన్‌కు ఈల వెయ్యడం రావాలి. కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. డాక్టర్ లీనా మాత్రం తనే ముందుగా అడిగి రాసి పంపిస్తుంది.

మొన్న ఆమె పంపిన డబ్బా ఒక పెద్దావిడది. కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నారట. చీటీలో ఆమె చెప్పిన జవాబు ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో చెబుతున్నాను: మనవడికి ముద్దు పెడితే వాడి బుగ్గకు గుచ్చుకోకూడదు. ఆ సెట్టు ముందు అంచును నేను పాలిష్ చేసి, నా బుగ్గకు ఆనించి చూసుకుని, మళ్లీ పాలిష్ చేశాను.